విడాకులయ్యాక మళ్లీ పెళ్లి: ముహూర్తం పెట్టించే ముందు చూసుకోవాల్సినవి

"అన్నా, మా పెళ్లి ఇండియాలో అయింది, విడాకులు అమెరికాలో తీసుకోవచ్చా?" అని అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు. తీసుకోవచ్చు. పెళ్లి తిరుపతిలో జరిగిందా గుంటూరులో జరిగిందా అన్నది ఇక్కడి కోర్టుకు అడ్డం కాదు, మీరు ఈ రాష్ట్రంలో ఎన్నాళ్లుగా ఉంటున్నారన్నదే చూస్తుంది. చిక్కంతా రెండో పెళ్లి మాట వచ్చినప్పుడే.

ఇక్కడ దేశమంతటికీ ఒకే చట్టం లేదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. టెక్సాస్‌లో అయితే ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, కేసు వేసే కౌంటీలో (మన జిల్లా లాంటిది) 90 రోజులు ఉండి ఉండాలి, వేశాక మామూలుగా ఇంకో 60 రోజులు ఆగాలి. నార్త్ కరోలినాలో ఏడాదిపాటు విడిగా ఉండాలి, అదీ ఒకే ఇంట్లో వేరే గదుల్లో ఉన్నామంటే ఒప్పుకోరు. నెవాడాలో ఆరు వారాలుంటే చాలని విని అక్కడికి వెళ్లొద్దామనుకునేవాళ్లున్నారు. వద్దు. అక్కడే స్థిరపడే ఉద్దేశంతో ఉంటున్నామని ప్రమాణం చేసి చెప్పాలి, దానికి అక్కడివాళ్ల సాక్ష్యం కావాలి. అబద్ధపు ప్రమాణం మీద తెచ్చుకున్న విడాకులు ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటాయి.

డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు రాసిచ్చే తీర్పు కాగితం, చేతికొచ్చిన మర్నాడే పెళ్లి చేసుకోవచ్చనుకోవడం ఇంకో పొరపాటు. టెక్సాస్‌లో విడాకులయ్యాక 30 రోజుల వరకు, కోర్టు మినహాయింపు ఇస్తే తప్ప, వేరేవాళ్లను చేసుకోకూడదు. విస్కాన్సిన్‌లో అయితే ఆరు నెలలు, ఆలోపు వేరే రాష్ట్రానికెళ్లి చేసుకున్నా ఆ పెళ్లి చెల్లదు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు శ్రావణంలో మంచి ముహూర్తం ఉందని ఫంక్షన్ హాల్‌కు అడ్వాన్స్ ఇచ్చేస్తారు, వాళ్లకు ఈ గడువుల సంగతి తెలియదు. ముందే చెప్పండి.

అన్నిటికంటే పెద్ద విషయం ఇండియా చట్టం. 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు మన తెలుగువాళ్లదే. తిరుపతిలో పెళ్లయింది, భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు, భార్య ఆ విచారణకు రాలేదు, ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆమె ద్విభార్యత్వం కింద కేసు పెట్టింది. ఆ అమెరికా డిక్రీ ఇండియాలో చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, అవతలి మనిషి ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా ఇచ్చిన విడాకులను ఇండియా గుర్తించదు. అంటే ఇక్కడ మీరు ఒంటరి, అక్కడ ఇంకా పెళ్లయినవాళ్లే! అక్కడ ద్విభార్యత్వానికి ఏడేళ్ల వరకు జైలు.

కాబట్టి భార్య ఇండియాలో, మీరు ఇక్కడ అయితే, ఆమెకు సమన్లు పంపించి జవాబు రాలేదని ఏకపక్షంగా డిక్రీ తీసుకోవద్దని గట్టిగా చెప్తాను. అది ఆమెకూ అన్యాయమే, మీకూ తర్వాత టెన్షనే. ఆమె మనస్ఫూర్తిగా పాల్గొని విడాకులకు ఒప్పుకుంటే ఇక్కడి డిక్రీకి అక్కడ విలువ ఉంటుంది. ఇద్దరికీ ఇష్టమైతే ఇండియాలోనే పరస్పర అంగీకారం కింద వేయండి. ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి, తగిన కేసుల్లో ఆ ఆరు నెలలు కోర్టు తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది.

హెచ్4 (హెచ్1బి మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్న చెల్లెళ్లు ఒకటి గుర్తుంచుకోండి. విడాకులు ఖరారైన రోజుతో ఆ స్టేటస్ పోతుంది. అందుకే ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో విడిగా మాట్లాడుకోండి, భర్త పెట్టుకున్న లాయర్ మీ లాయర్ కాదు.

డిక్రీ సర్టిఫైడ్ కాపీలు మూడు నాలుగు తీసి పెట్టుకోండి, రేపు భార్య లేదా భర్త తరఫున గ్రీన్‌కార్డుకు వేసినప్పుడు పాత పెళ్లిళ్లన్నీ ముగిసినట్టు రుజువు అడుగుతారు. టెక్సాస్‌లో గుళ్లో చేసుకుంటే పెళ్లి లైసెన్స్ తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగాలి, అది 90 రోజులే పనిచేస్తుంది. తాళి కట్టాక పంతులుగారు దాని మీద సంతకం చేసి 30 రోజుల్లో కౌంటీ క్లర్క్‌కు చేర్చాలి, చేర్చారో లేదో వారం తర్వాత మీరే ఫోన్ చేసి కనుక్కోండి.