పాట కొనేవారు లేని రోజుల్లో తెలుగు ర్యాపర్‌కు బతుకుతెరువు ఎలా?

సినిమా కంపెనీ అండ గానీ మ్యూజిక్ లేబుల్ అండ గానీ లేకుండా, తెలుగులో స్వతంత్రంగా ర్యాప్ చేస్తూ ఇల్లు గడుపుకోవడం సాధ్యమేనా, ఆల్బమ్‌ల అమ్మకాలు పడిపోయిన ఈ కాలంలో ఆ నమ్మకంతో ఉద్యోగం మానేయవచ్చా అని మీరు అడిగారు. నేను హైదరాబాదులో ఉంటూ కొన్నేళ్లుగా ఈ పని మీదనే బతుకుతున్నాను కాబట్టి నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను. సాధ్యమే. అయితే పాటను అమ్ముకుని బతకడం కుదరదు. పాట మీద మీకున్న హక్కును చేజారనివ్వకుండా, ఆ పాట వల్ల మీ దగ్గరికి వచ్చే ఇతర పనులతో బతకాలి.

ముందు అమ్మకాల సంగతి చూద్దాం. అమెరికాలో స్వతంత్ర ర్యాప్ నిలదొక్కుకున్నది చేతిలో పెట్టి అమ్మే సరుకుతోనే. ఓక్లండ్‌లో టూ షార్ట్ వంటివారు సొంతంగా చేసుకున్న క్యాసెట్లను కారు డిక్కీలో పెట్టుకుని తిరిగి అమ్మారు. 1996లో మాస్టర్ పీ అనే ర్యాపర్ తన నో లిమిట్ సంస్థ కోసం ప్రయారిటీ రికార్డ్స్‌తో పంపిణీ ఒప్పందం చేసుకున్నప్పుడు మాస్టర్ రికార్డింగుల (పాటల అసలు రికార్డింగుల) యాజమాన్యాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ దేశంలో రికార్డుల ఆదాయం 1999లో సుమారు 1,460 కోట్ల డాలర్ల వరకు వెళ్లి, 2014 నాటికి అందులో సగానికన్నా తక్కువకు దిగజారింది. స్ట్రీమింగ్ వచ్చాకే మళ్లీ కోలుకుంది. మన దగ్గర కథ వేరు. తెలుగు క్యాసెట్ల బజారంతా సినిమా పాటలది, భక్తి గీతాలది, జానపదాలది. ర్యాప్ అందులో చెప్పుకోదగ్గ సరుకుగా ఎన్నడూ లేదు. కాబట్టి అమ్మకాలు పడిపోవడం వల్ల మనం పోగొట్టుకున్నదానికన్నా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పాటను జనం దాకా చేర్చగలగడం వల్ల మనకు దక్కిందే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

స్ట్రీమింగ్ డబ్బు ఎందుకంత తక్కువగా వస్తుందో అర్థం చేసుకుంటే సగం నిరాశ తగ్గుతుంది. ఒక్కో స్ట్రీమ్‌కు ఇంత అని కట్టిన ధర ఏదీ లేదు. ఒక దేశంలో చందాల మీద, ప్రకటనల మీద వచ్చిన సొమ్ములో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు కేటాయించి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి పంచుతారు. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారతదేశానికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు. అప్పటికి అమెరికాలో అది 9.99 డాలర్లు. పైగా మన శ్రోతల్లో చాలామంది చందా కట్టకుండా ప్రకటనలతోనే వింటారు. అందువల్ల ఖమ్మంలో ఒకరు, డాలస్‌లో ఒకరు అదే పాటను అన్నే సార్లు విన్నా మనకు వచ్చే డబ్బులో చాలా తేడా ఉంటుంది. 2024 నుంచి స్పాటిఫైలో గడచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు అసలు రాయల్టీయే లెక్కగట్టడం లేదు. నా ఏడాది సంపాదనలో స్ట్రీమింగ్ వాటా పదో వంతుకు ఎప్పుడూ చేరలేదు. అయినా ప్రతి పాటనూ అన్ని వేదికల మీదా పెడతాను, ఎందుకంటే నన్ను షోకు పిలిచేవారు ముందుగా వెతికి చూసేది అక్కడే.

యూట్యూబ్ విషయంలో ఒక పని తప్పకుండా చేయండి. ఛానల్‌కు ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలన్నది మీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత యాడ్‌సెన్స్‌లో, అంటే యూట్యూబ్ డబ్బు మనకు చేరే గూగుల్ ఖాతాలో, అమెరికా పన్ను ఫారం నింపడం చాలామంది వాయిదా వేస్తారు. 2021 జూన్ నుంచి అమెరికా వీక్షకుల వల్ల వచ్చే భాగం మీద పన్ను పట్టుకుంటున్నారు. ఫారం నింపి, రెండు దేశాల పన్ను ఒప్పందాన్ని చూపిస్తే ఆ భాగం మీద 15 శాతం పోతుంది. నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పట్టుకునే వీలుంది. తెలుగు పాటకు అమెరికాలో శ్రోతలు ఎక్కువ కాబట్టి ఇది మనకు చిన్న విషయం కాదు.

ఈ దారిలో మనకన్నా ముందే నడిచినవారు తెలంగాణ జానపద కళాకారులు. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో బతుకమ్మకూ బోనాలకూ కొత్త పాట కట్టి, ఊళ్లోనే చిత్రీకరించి, సొంత యూట్యూబ్ ఛానల్‌లో పెట్టి, ఆ పాట పేరు మీద పెళ్లి బరాత్‌లకూ జాతరలకూ వెళ్లి పాడేవారిని గమనించండి. పాట వాళ్లకు ఆహ్వాన పత్రిక వంటిది; సంపాదన పిలిచిన చోట ఉంటుంది. పండుగకు నెల ముందే పాట వదలాలనీ, పిల్లలు కూడా పాడగలిగేలా కోరస్ ఉండాలనీ నేను నేర్చుకున్నది వాళ్లను చూసే. ర్యాప్ చేసే మిత్రులు కొందరు వాళ్లను చిన్నచూపు చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన హక్కుల విషయానికి వస్తాను. చట్టం దృష్టిలో ఒక ర్యాప్ పాటలో మూడు వేర్వేరు ఆస్తులు ఉంటాయి: మీరు రాసిన మాటలు సాహిత్య రచన, బీట్ చేసినవారి స్వరకల్పన సంగీత రచన, రికార్డు చేసి పూర్తి చేసిన ఆడియో మూడోది. ర్యాపర్ అంటే గాయకుడని మాత్రమే అందరూ అనుకుంటారు గానీ, నిజానికి మనం గీత రచయితలం, మన బలమంతా అక్కడే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం, సినిమాలోకి గానీ విడి ఆడియోలోకి గానీ మాటలు రాసిచ్చిన రచయిత, మిగతా హక్కులన్నీ కంపెనీకి ఇచ్చివేసినా, రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును మాత్రం వదులుకోలేడు. వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. సినిమా పాట విషయంలో, థియేటర్లో సినిమాతో పాటు వినిపించినదానికి మాత్రం ఇది వర్తించదు. ఆ వాటా వసూలు చేసి పంచేందుకు 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ అనే సంస్థ ఉంది. గీత రచయితలూ స్వరకర్తలూ అందులో సభ్యులు కావచ్చు. సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ ఎవరి వాటా ఎంతో రాసి నమోదు చేయిస్తేనే డబ్బు మీ ఖాతా దాకా వస్తుంది. నాకు తెలిసిన ర్యాపర్లలో ఎక్కువమంది ఈ పని చేయలేదు, వాళ్ల పాటలు టీవీలోనూ హోటళ్లలోనూ మోగుతూనే ఉన్నాయి.

అదే చట్టంలో మరో రెండు నిబంధనలు గుర్తుంచుకోండి. హక్కులు ఇచ్చే ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అది 5 ఏళ్లకే పరిమితమవుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. అందుకే కంపెనీల కాగితాల్లో ‘శాశ్వతంగా’, ‘విశ్వమంతటా’ అన్న మాటలు తప్పకుండా కనిపిస్తాయి. సాహిత్య రచన మీద హక్కు రచయిత జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంత ఆస్తిని ఒక వీడియో ఖర్చు కోసం రాసిచ్చేముందు, పరిమిత కాలానికి లైసెన్సు ఇస్తానని అడిగి చూడండి. ఒకసారి ఒక లేబుల్ వాళ్లు నాకు పంపిన కాగితంలో, ఆ పాటే కాక తర్వాతి రెండేళ్లలో నేను రాయబోయేవన్నీ వాళ్లవేనని ఉంది. లాయరుకు చూపించి, ఆ వాక్యం తీసేస్తేనే సంతకం పెడతానన్నాను. వాళ్లు తీయలేదు, నేను పెట్టలేదు. ఆ పాట ఈ రోజుకీ నా పేరు మీదే ఉంది.

బీట్ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు లీజుకు తీసుకునే టైప్ బీట్ (పేరున్న కళాకారుల శైలిలో ముందే చేసిపెట్టిన బీట్) ఇంకెంతోమంది దగ్గర కూడా ఉంటుంది. చాలా లీజులకు ఇన్ని స్ట్రీమ్‌ల వరకే అన్న హద్దు ఉంటుంది. అటువంటి బీట్‌తో చేసిన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (మన పాటను ఇతరులు వాడితే పసిగట్టే వ్యవస్థలో) నమోదు చేయడం కుదరదు. డబ్బు లేకపోతే మన ఊరి ప్రొడ్యూసర్‌తోనే కలిసి కూర్చుని, వాటాలు ముందే కాగితం మీద రాసుకుని పాట చేయడం మేలు. స్నేహం చెడకుండా ఉండేది కూడా ఆ కాగితం వల్లనే.

నా ఇల్లు నడిచేది ప్రధానంగా షోల మీద. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి చోట్ల ఓపెన్ మైక్‌లలో డబ్బు ఉండదు, కానీ మైకు మీద పట్టు, ఎదుటివారి ముఖం చూసి పాట మార్చుకునే నేర్పు అక్కడే వస్తాయి. డబ్బు కాలేజీ ఫెస్టుల్లో, కార్పొరేట్ కార్యక్రమాల్లో, సంగీత్‌లలో ఉంది. ఫీజులో సగం అడ్వాన్సుగా రానిదే తేదీ ఖాయం చేయకండి. ప్రయాణం, బస, సౌండ్ చెక్ సమయం వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీలు మన ఫీజు నుంచి 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసుకునే ఆదాయ పన్ను) పట్టుకుంటాయి. రిటర్ను దాఖలు చేస్తే, కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైనప్పుడు మిగిలినది వెనక్కి వస్తుంది. కొత్తవారు చాలామంది ఈ డబ్బును అడగకుండానే వదిలేస్తున్నారు.

షోల తర్వాత చెప్పుకోవలసింది రాసిచ్చే పని. ప్రకటనలకు ర్యాప్ ముక్కలు, సినిమా పాటల్లో ఒక చరణం, వెబ్ సిరీస్ ప్రచార గీతం వంటివి ఏడాది పొడవునా వస్తుంటాయి. నోయల్, రోల్ రైడా, ప్రణవ్ చాగంటి వంటివారు ఇటు సొంత పాటలూ అటు సినిమా పాటలూ చేస్తూ వచ్చారు కాబట్టి, ఇందులో స్వతంత్రత పోతుందన్న భయం అక్కర్లేదు. ఎన్నికలప్పుడు పార్టీల పాటలకు కూడా మంచి డబ్బు ఇస్తారు. నేను అవి రాయను. నా పాటల్లో ఊరి నీళ్ల గురించీ పరీక్ష పేపర్ల లీకుల గురించీ మాట్లాడినవాణ్ణి, ఒక జెండా కింద నిలబడితే ఆ మాటకు విలువ ఉండదని నా నమ్మకం. రాసేవారిని తప్పుపట్టను గానీ, వాళ్లు కూడా మొత్తం సొమ్ము ఫలితాలకు ముందే తీసుకోవాలి.

నేరుగా శ్రోతలకు అమ్మడం ఇప్పటికీ కొంత జరుగుతుంది. 2013లో అమెరికన్ ర్యాపర్ నిప్సీ హసిల్ తన మిక్స్‌టేప్‌ను (ఆల్బమ్ వంటి పాటల సంకలనాన్ని) ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తూనే, 1,000 ప్రతులను ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మారు. వాటిలో 100 ప్రతులను ప్రసిద్ధ ర్యాపర్ జే-జీ కొన్నారు. లాస్ ఏంజిలిస్‌లో తన పేటతో ఆయనకు ఉన్న బంధం వల్ల అది సాధ్యమైంది. నేను షోల దగ్గర టీషర్టులు, చేతిరాతతో అచ్చువేసిన పాటల పుస్తకం అమ్ముతాను. పుస్తకమే ఎక్కువ పోతుంది. తెలుగువాళ్లు ఇప్పటికీ మాటను ఇంటికి తీసుకెళ్లడానికి ఇష్టపడతారన్నది నాకు ఎంతో ధైర్యం ఇచ్చిన సంగతి.

చివరగా ఉద్యోగం మాట. షోల సీజన్లో వచ్చిన డబ్బు చూసి రాజీనామా ఇవ్వకండి. కాలేజీలు పరీక్షల్లో మునిగిపోయే నెలల్లో, పెళ్లిళ్లు జరగని ఆషాఢంలో, మూఢాల్లో మీ చేతికి ఎంత వస్తున్నదో వరుసగా రెండేళ్లు పుస్తకంలో రాసి చూడండి. ఆ బక్క నెలల్లో కూడా అద్దె, ఇంటి సరుకులు, ఆరోగ్య బీమా ప్రీమియం ఈ పని మీదనే వెళ్లిపోతుంటే అప్పుడు మానేయండి. అప్పటిదాకా ఉద్యోగం చేసుకుంటూ పాట రాసినంత మాత్రాన మీరు తక్కువ ర్యాపర్ ఏమీ కారు. జీతం ఉన్నప్పుడే చెడ్డ ఒప్పందానికి కాదని చెప్పడం తేలిక. ఈ వారంలో మాత్రం ఇప్పటికే విడుదలైన మీ పాటల జాబితా తయారుచేసి, ఒక్కోదానికి మాటలు ఎవరివో, బీట్ ఎవరిదో, వాటాలు ఎంతో రాయించి, ప్రొడ్యూసర్ సంతకం తీసుకుని ఐపీఆర్ఎస్‌కు దరఖాస్తు చేయండి. ఆ ఫారం నింపేటప్పుడు సందేహాలు వస్తే ఇక్కడే అడగండి, తప్పకుండా జవాబిస్తాను.