తాళాల గుత్తి అందుకున్న బిడ్డకు

బిడ్డా,

తోట తాళాలు నీ చేతికిచ్చారని మీ అత్తమ్మ చెప్పింది. సంతోషం. సంస్థానం కాలం నాటి తోట కదా, హక్కు ఊరందరికీ ఉంటుంది, పని దగ్గర మాత్రం నలుగురే మిగులుతారు. ఇన్నేళ్ళు చూసినవాణ్ణి కాబట్టి కొన్ని మాటలు రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్తా. బావి పక్కనున్న చింతచెట్టు చుట్టూ, జనం కూర్చుంటారని, సిమెంటు గద్దె కట్టించాను. అందరూ మెచ్చుకున్నారు, కొబ్బరికాయ కూడా కొట్టాం. మూడో వానాకాలానికి పైకొమ్మలు ఎండటం మొదలైంది. నీళ్ళు దిగక, గాలి ఆడక వేళ్ళు ఉక్కిరిబిక్కిరి అయ్యాయి. మళ్ళీ మేమే గడ్డపారలతో పగలగొట్టాం. చెట్టు బతికింది గానీ తూర్పు వైపు సగం పోయింది. రేపు ఏ దాతో వచ్చి గద్దె కట్టిస్తా, పేరు రాయించు అంటే బెంచీలు ఇమ్మను. అవీ నీడ అంచున వేయించు.

పాలమూరు పిల్లలమర్రి సంగతి తెలుసు కదా. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక గానీ చెదలు ఎంత తిన్నాయో అందరికీ అర్థం కాలేదు. తర్వాతి ఏడాది సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు, కొమ్మలకు ఆసరాగా స్తంభాలు కట్టారు, జనాన్ని ఆపేశారు. అంత పేరున్న చెట్టు కాబట్టి అందరూ పరుగెత్తారు. మన చెట్లకు ఎవరొస్తారు? నెలకోసారి నువ్వే మొదళ్ళ చుట్టూ తిరుగు. చెదల మట్టి కనిపిస్తే గీకి చూడు. కట్టెతో తడితే డొల్ల చప్పుడు వచ్చిందా, ఆ రోజే కింద తాడు కట్టి మనుషులను ఆపు.

వేపలు మాడినట్టు కనిపిస్తే మాత్రం టెన్షన్ పడకు. 2021లో తెలంగాణ అంతా అట్లాగే ఎండాయి. కొట్టేద్దామని కమిటీలో ఒకటే గోల. ఆగమన్నా. ఉగాది నాటికి మనవి చాలావరకు చిగురేశాయి.

ఇక అసలు గొడవ గునుగు పువ్వుది. పనివాళ్ళ లెక్కలో అది కలుపే. ఒక ఏడు శ్రావణంలో కలుపు మందు కొట్టించి తోటంతా అద్దంలా చేయించాను. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజు ఆడవాళ్ళు బుట్టలతో గేటు దగ్గరికొచ్చి తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి, అందులో మీ అత్తమ్మవే ఎక్కువ. వెనక గోడ వెంట గునుగు, తంగేడు జోలికి పోవద్దని ముందే చెప్పు. బతుకమ్మ అయిపోయినా, గింజ రాలేదాకా అక్కడ కొడవలి పెట్టనివ్వకు.

బావి పూడిక ఎండాకాలంలోనే తీయించు. ఆ మట్టి బయట పారబోయనివ్వకు, పాదుల్లో వేయించు. మిషన్ కాకతీయప్పుడు రైతులు చెరువు మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నది ఊరికే కాదు. మన ఎర్ర చెలకలో నీళ్ళు నిలవవు.

పెళ్ళి ఫోటోలవాళ్ళు డబ్బులిస్తామంటారు. తీసుకో, రసీదు ఇవ్వు. రంగు పొగలు మాత్రం వద్దను.

మోటారు స్టార్టర్ డబ్బా తాళం ఆ గుత్తిలో ఉండదు. వెతక్కు, నా దగ్గరే ఉంది. ఆదివారం తెచ్చిస్తా.

మీ మామ