తవ్వకుండా నేల లోపల చూసే పని: ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ చుట్టూ తవ్వకుండానే యంత్రాలతో పాత కట్టడాల ఆనవాళ్లు పట్టుకున్నారని చదివి, తానూ అదే పని చేస్తానంటోంది. ఏం చదివించాలి? ఉద్యోగాలు దొరుకుతాయా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ఆసక్తి ఉన్న పిల్లలు చాలామంది నేరుగా ఎంఏ ఆర్కియాలజీ వైపు వెళ్తారు. మా సలహా అందుకు తలకిందులు: ముందు జియోఫిజిక్స్ (భూమిని భౌతికశాస్త్ర పద్ధతులతో కొలిచే చదువు), తర్వాతే ఆర్కియాలజీ. అయస్కాంత క్షేత్రాలూ సిగ్నల్ ప్రాసెసింగూ వచ్చినవాళ్లు కుండపెంకుల కాలాలు తర్వాతైనా నేర్చుకోగలరు. ఎంఏ అయ్యాక లెక్కలు మళ్లీ మొదలుపెట్టడం కష్టం. బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ తప్పనిసరి. జియాలజీ కూడా దొరికితే వదలొద్దు. పీజీ జియోఫిజిక్స్ ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఐఐటీల్లో సీటుకు జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇక పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. 2010-14 మధ్య స్టోన్‌హెంజ్ చుట్టూ దాదాపు 12 చదరపు కిలోమీటర్లు సర్వే చేశారు. అక్కడ యంత్రాలను వాహనాల వెనక లాగించారు గానీ, చిన్న సర్వేల్లో నడకే. మీటరుకో వరుస చొప్పున ఒక హెక్టారు పూర్తిచేయాలంటే 10 కిలోమీటర్లు నడవాలి. అర మీటరుకో వరుస అయితే 20. మీటరుకు 8 అయస్కాంత రీడింగులు తీస్తే, మీటరు వరుసల్లోనే హెక్టారుకు 80,000 రీడింగులు పోగవుతాయి.

స్టోన్‌హెంజ్ దగ్గరిది సుద్దనేల. వేల ఏళ్ల కిందట తవ్విన కందకం క్రమంగా పైమట్టితో పూడిపోతుంది. పైమట్టికి సుద్ద కంటే అయస్కాంత గుణం ఎక్కువ కాబట్టి, కందకం ఉన్నచోట అయస్కాంత క్షేత్రం కొన్ని నానోటెస్లాలు (క్షేత్రాన్ని కొలిచే చాలా చిన్న ప్రమాణం) పెరుగుతుంది. భూమి క్షేత్రం అక్కడ 48,000 నానోటెస్లాల పైమాటే! ఇంత చిన్న తేడా పట్టుకోవాలి కనుకే, ఈ కొలతలు తీసే గ్రేడియోమీటర్ అనే యంత్రంలో రెండు సెన్సర్లు ఒకదానిపై ఒకటి, సాధారణంగా మీటరు ఎడంగా ఉంటాయి. రెండింటి తేడా తీస్తే రోజంతా మారే భూక్షేత్రపు హెచ్చుతగ్గులు కొట్టుకుపోతాయి. యంత్రం మోసేవారి ఒంటిమీద ఇనుముంటే మాత్రం దాని ప్రభావం కొట్టుకుపోదు. బెల్టు బకిల్, జిప్, బూట్ల రింగులు, ఫోను, జడపిన్నులు, ఆఖరికి పిన్నీసు కూడా తీసేయాలి. సర్వే గడులు (గ్రిడ్) గుర్తించడానికి పాతే గుంజలు కర్రవో ప్లాస్టిక్‌వో అయి ఉండాలి.

యంత్రం చూపించేది తేడానే తప్ప వస్తువును కాదు. స్టోన్‌హెంజ్‌కు దగ్గర్లో డరింగ్టన్ వాల్స్ అనే పురాతన మట్టిగట్టు దగ్గర, నేలలోకి తరంగాలు పంపే రాడార్‌లో కనిపించిన ఆకారాలను చూసి, గట్టు కింద పెద్ద రాళ్ల వరుస ఉందని 2015లో ప్రకటించారు. మరుసటి ఏడాది తవ్వితే ఒక్క రాయీ లేదు. కర్ర స్తంభాలు పీకేశాక సుద్దముక్కలతో పూడ్చిన గుంతలు బయటపడ్డాయి. నిపుణుల బృందానికే ఇలా అయింది. అందుకే, రిపోర్టులో 'ఉంది' అని రాయాలో 'ఉండవచ్చు' అని రాయాలో తేల్చుకునే జాగ్రత్త ఈ వృత్తిలో సాఫ్ట్‌వేర్ నైపుణ్యం కంటే ముఖ్యం.

ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ వాడదామంటే కుదరదు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు గానీ, ఊళ్లలో రాక్షస గుళ్లని పిలిచే పాత రాతి సమాధులు గానీ ఎక్కువగా గ్రానైట్ ప్రాంతాల్లో ఉన్నాయి. డోలరైట్ డైక్ (గ్రానైట్ పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గోడలా గట్టిపడ్డ నల్లరాయి) దగ్గర్లో ఉంటే దాని అయస్కాంతత్వం ముందు కందకపు సిగ్నల్ మునిగిపోతుంది. నల్లరేగడిలో రాడార్ తరంగాలు బంకమట్టికే ఇంకిపోతాయి. తడి ఉంటే మరీ ఘోరం. విద్యుత్ నిరోధకత కొలుద్దామంటే ఎండిన నేలలో ఎలక్ట్రోడ్లకు పట్టు దొరకదు. ఏ నేలకు ఏ పద్ధతో ఎంచుకోవడమే ఇక్కడ సగం పని.

ఉద్యోగాల విషయం దాచడం అనవసరం. మన దేశంలో ఇదొక్కటే చేసే కొలువులు బహు తక్కువ. బ్రిటన్‌లో 1990 నుంచి ప్లానింగ్ నిబంధనల వల్ల నిర్మాణదారులే పురావస్తు పరిశీలన ఖర్చు భరించడం మొదలైంది కాబట్టి, రోడ్లు, ఇళ్లు కట్టడానికి ముందు సర్వే చేసే కంపెనీలు అక్కడున్నాయి. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఈ విద్యలో దశాబ్దాల పేరుంది. అప్పుచేసి పంపే ముందు వీసా, వేతనం లెక్క వేసుకోండి. ఇక్కడ జియోఫిజిక్స్ పీజీతో భూగర్భజలాలు, ఖనిజాలు, భూగర్భ పైపుల సర్వేల్లో పని దొరుకుతుంది. యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షతో జీఎస్‌ఐ (భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ)లో జియోఫిజిసిస్ట్ కావచ్చు. పరిశోధనకు హైదరాబాద్ ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది. జీతం వీటినుంచి, పురాతత్వం ప్రాజెక్టుల రూపంలో... మొదటి పదేళ్లూ ఇలా ఉంటుందనుకోవడం మంచిది.

ఈ సెలవుల్లో ఒక పరీక్ష పెట్టి చూడండి. మీటరుకో రంగు గుర్తున్న 30 మీటర్ల తాడు పొలంలో పరిచి, సెకనుకో బీప్ కొట్టే మెట్రోనోమ్ ఫోన్‌లో పెట్టి, ప్రతి బీప్‌కూ అడుగు సరిగ్గా గుర్తు మీద పడేలా నడవమనండి. తాడు మీటరు మీటరు జరుపుతూ, ఎదురు దిశల్లో 30 వరుసలు. నడక తడబడితే మ్యాప్‌లో తిన్నటి కందకం రంపంపళ్లలా వస్తుంది. ముప్పయ్యో వరుస దాకా ఆమెకు విసుగు పుట్టకపోతే బీఎస్సీ దరఖాస్తు నింపించండి.