వెనక గేటు నుంచి చూస్తే అల్-ఉలా

సౌదీ అరేబియాలోని అల్-ఉలా ఎడారిలో కొండను తొలిచి షరాన్ అనే విలాసవంతమైన రిసార్టు కడుతున్నారని గత నెల ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. కొత్త పాఠకులకు ముందే చెబుతున్నాను: నేను గల్ఫ్ హోటళ్ల స్టోర్స్‌లో సరుకు దించుకుని, తూకం వేయించి, బిల్లు మీద సంతకం పెట్టే ఉద్యోగంలో తల నెరిసినవాణ్ని. హోటల్ అనగానే నా కళ్లు రిసెప్షన్ వైపు పోవు, లారీలు వచ్చే వెనక గేటు వైపు పోతాయి.

ప్రశ్న: కొండలో గదులు తొలవడం నిజంగా అయ్యే పనేనా, లేక బొమ్మలు చూపించి చేసే ప్రచారమా?
— ఆర్కిటెక్చర్ విద్యార్థిని, విజయవాడ

అయ్యే పనేనమ్మా. ఆ ప్రాంతంలో రెండు వేల ఏళ్ల కిందటే చేసి చూపించారు. జోర్డాన్‌లో పెట్రా నగరాన్ని చెక్కిన నబాతియన్లే అల్-ఉలా పక్కన హెగ్రాలోనూ ఇసుకరాయి కొండలను సమాధులుగా మలిచారు. అక్కడ 111 పెద్ద సమాధులున్నాయి, వాటిలో 94 సమాధుల ముఖభాగం మీద చెక్కడపు అలంకరణ ఉంది. సౌదీలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన మొదటి స్థలం ఇదే, 2008లో.

మీ చదువుకు పనికొచ్చేది వాటిలో ఒకటుంది: కస్ర్ అల్-ఫరీద్. చుట్టూ ఖాళీ ఇసుక, మధ్యలో ఒంటరి బండ. దాని పైభాగాన ఇరువైపులా మెట్లమెట్లుగా ఎక్కే అలంకరణ, కింద నాలుగు స్తంభాలు. పైన పని నునుపుగా పూర్తయి ఉంటుంది. కిందికి వచ్చేసరికి ఉలి దెబ్బలు గరుకుగా అలాగే మిగిలిపోయాయి. పని మధ్యలో ఆగిపోయింది కాబట్టే వాళ్లు పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చేవారని మనకు స్పష్టంగా తెలుస్తోంది. నాకు నచ్చిన విషయం మరొకటి: కొన్ని సమాధుల మీది శాసనాల్లో యజమాని పేరుతో పాటు చెక్కిన పనివాడి పేరు కూడా ఉంటుంది. ఇవాళ ఏ హోటల్ శిలాఫలకం మీదైనా తాపీమేస్త్రీ పేరు చూశారా?

షరాన్ నమూనా ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఝాన్ నువెల్‌ది. 2020 అక్టోబరులో బయటపెట్టారు. 40 సూట్లు, 3 విల్లాలు, ఇవి కాక పెద్దల సమావేశాల కోసం 14 విడిది గృహాలతో ఒక కేంద్రం. 2024కల్లా పూర్తి చేస్తామన్నారు, ఆ గడువు దాటిపోయింది. ఆలస్యానికి నేనేమీ ఆశ్చర్యపోవడం లేదు. నబాతియన్లు చెక్కింది చనిపోయినవాళ్ల కోసం. వాళ్లకు వేడినీళ్లు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు, రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి కాఫీ పంపమని అడగరు. రాయి లోపల గది తొలవడం ఒక ఎత్తు, ఆ గదికి నీటి పైపు, మురుగు పైపు, గాలి గొట్టం, మంటలు అంటుకుంటే బయటపడే దారి పెట్టడం మరొక ఎత్తు. గోడ పగలగొట్టి పైపు మార్చుకుందామంటే అక్కడ గోడ అంటే కొండే.

ప్రశ్న: రాత్రికి లక్షలు పోసే అతిథులు నలుగురు వస్తే ఊరికి ఒరిగేదేమిటి? పర్యాటక రంగం పేరుతో ఎవరి జేబు నిండుతుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

మాస్టారూ, మీరు లెక్కల మాస్టారు అయి ఉండాలి. లెక్కతోనే మొదలుపెడదాం. అల్-ఉలా కోసం సౌదీ ప్రభుత్వం 2017లో ఒక రాయల్ కమిషన్‌ను పెట్టింది. 2021లో ప్రకటించిన బృహత్ ప్రణాళిక ప్రకారం 2035 నాటికి ఏటా 20 లక్షల మంది సందర్శకులు రావాలి, 38,000 ఉద్యోగాలు రావాలి. ఇప్పుడు షరాన్‌ను తీసుకోండి. సూట్లు, విల్లాలు కలిపి 43. ఒక్కోదానిలో ఇద్దరు చొప్పున, మూడేసి రాత్రులు, ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా ఉన్నారనుకుందాం. పదివేల పైచిలుకు మంది అవుతారు. 20 లక్షల్లో అది అర శాతం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే చోట ఏడాదంతా నిండుగా ఉండటం కూడా కల్ల. అంటే ఊరిని పోషించేది ఆ హోటల్ కాదు. అది ఊరి సైన్‌బోర్డు. ఆ బోర్డు చూసి వచ్చే మామూలు జనం ఎక్కడ తింటారు, ఎక్కడ పడుకుంటారు అన్నదే అసలు సంగతి.

ఇక వెనక గేటు. ఒక హోటల్ ఊరికి పనికొస్తోందా లేదా అని నేను చూసే పద్ధతి ఇది: తెల్లవారుజామున సరుకు దిగే వేళకు వెళ్లి నిలబడాలి. లారీ ఏ ఊరి నుంచి వచ్చింది? పెట్టెల మీద ఏ దేశం ముద్ర ఉంది? నేను పనిచేసిన చోట్ల స్ట్రాబెర్రీలు విమానంలో వచ్చేవి, మాంసం విమానంలో వచ్చేది, చివరికి తాగే నీళ్లు కూడా యూరప్ నుంచి గాజు సీసాల్లో వచ్చేవి. గేటుకు కూతవేటు దూరంలో తోటలున్న రైతు దగ్గర కొన్నది ఖర్జూరం ఒక్కటే. అదీ రంజాన్ నెలలో. షెఫ్‌ను అడిగితే రైతు ఒకే సైజు కాయ ఇవ్వలేడు, బిల్లు ఇవ్వలేడు అనేవాడు. రైతును అడిగితే హోటల్‌వాళ్లు డబ్బు మూడు నెలలకు ఇస్తారు అనేవాడు. ఇద్దరి మాటా నిజమే.

అల్-ఉలాకు ఈ విషయంలో మంచి అవకాశం ఉంది. అది వట్టి ఇసుక మేట కాదు, ఒయాసిస్సు. 20 లక్షలకు పైగా ఖర్జూర చెట్లున్నాయి, నారింజ, నిమ్మ జాతి తోటలున్నాయి. అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అక్కడి ఎడారి మునగ. మన పెరటి మునగకు దాయాది, శాస్త్రీయ నామం మొరింగా పెరెగ్రినా. దాని గింజల నూనెను సౌందర్య సాధనాల్లో వాడతారు. స్థానిక రైతుల దగ్గర గింజలు కొని నూనె తీయించే ఏర్పాటును కమిషన్ నడుపుతోంది. రిసార్టు స్పాలో మసాజ్‌కు ఆ నూనె వాడితే ఆ డబ్బు ఊళ్లో ఉంటుంది, విదేశీ డబ్బా తెరిస్తే ఉండదు.

ఉద్యోగాల సంగతికి వస్తే, ముందు వైపు పనులు స్థానికులకు బాగానే అందుతున్నాయి. హెగ్రాలో కథ చెప్పి తిప్పేవాళ్లను ‘రావీ’ అంటారు. వాళ్లలో ఊరి యువతీయువకులు చాలామంది ఉన్నారు. ఆ ఊళ్లో ఆడపిల్లల కోసం పెట్టిన మొదటి బడిని ఇప్పుడు చేతిపనుల కేంద్రంగా మార్చారు. దాని పేరు మద్రసత్ అద్దీరా. అక్కడ స్త్రీలు నేర్చుకుంటారు, నేర్పుతారు, అమ్ముతారు. వెనక వైపు పనులు మాత్రం ఎప్పటిలాగే మనవాళ్లవి, నేపాలీలవి, ఫిలిప్పీన్స్ వాళ్లవి, బంగ్లాదేశీయులవి.

నాకు గుబులు నీళ్ల గురించే. ఎడారి హోటల్‌లో నీళ్లు ఎక్కువ తాగేది ఈత కొలను అనుకుంటారు. లాండ్రీని మరిచిపోతారు. ఇంతటి ఖరీదైన గదిలో అతిథి మారినప్పుడల్లా దుప్పట్లు, గలీబులు, అరడజను తువ్వాళ్లు, స్నానం తర్వాత తొడుక్కునే కోట్లు అన్నీ ఉతుక్కు పోతాయి. ఇసుక గాలి వీచిన మర్నాడు ట్రాలీలోంచి తువ్వాలు తీసి దులిపితే నేల మీద సన్నటి ఎర్రటి పొడి చారగా పడుతుంది. ఒక ఉతుకుతో అది పోదు. అల్-ఉలా ఊటలు గత శతాబ్దంలోనే ఎండిపోయాయి. నబాతియన్లు రాతిలో వందకు పైగా బావులు తవ్వుకుని బతికిన చోటు అది. కొత్త హోటళ్లు వాడిన నీటిని శుద్ధి చేసి తోటలకు మళ్లిస్తే రైతు, హోటల్ ఇద్దరూ బతుకుతారు. లేకపోతే ఖర్జూర చెట్టు ముందు ఎండుతుంది.

ప్రశ్న: మా అన్న కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ చేశాడు. షరాన్ రిసార్టులో వెయిటర్ ఉద్యోగం ఉందని ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పొమ్మంటున్నాడు. పంపమంటారా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

వద్దు తమ్ముడూ. ఇంకా కడుతున్న హోటల్‌లో ఎవరికి వడ్డిస్తాడు మీవాడు? ఈ దశలో అక్కడ కావలసింది రాయి కోసేవాళ్లు, పైపులు వేసేవాళ్లు. తెరవడానికి కొన్ని నెలల ముందు మాత్రమే వడ్డన, వంట, గదుల సిబ్బందిని తీసుకుంటారు.

విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. పట్టుబడితే శిక్ష మీవాడికే, ఏజెంటుకు కాదు. ‘ఆజాద్ వీసా’ (ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మేది) అని ఇంకెవరైనా చెప్పినా అదే సమాధానం. అఖామా (నివాస అనుమతి) ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరున, పని మరొకడి దగ్గర అయితే కాగితం మీద మీవాడు ఎప్పుడూ తప్పు చేసినవాడే. జగిత్యాలలో ఖల్లివల్లి అయి, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా బతికి, తిరిగొచ్చినవాళ్లు ప్రతి వాడలో ఉన్నారు. నేను చెప్పేదానికన్నా వాళ్లను అడిగితే బాగా చెబుతారు.

మన చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగినప్పుడే అతని సంగతి తెలిసిపోయింది. లైసెన్సు నంబరు అడిగి కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించండి.

నిజమైన ఉద్యోగం వచ్చినప్పుడు కూడా రెండు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. కాంట్రాక్టు హోటల్‌తోనా, మనుషులను సరఫరా చేసే కంపెనీతోనా? సిబ్బంది వసతి హోటల్‌కు ఎంత దూరం? ఎడారి రిసార్టుల్లో వసతి కొండల అవతల ఉంటుంది. బస్సులో పోయే గంట, వచ్చే గంట ఎవరూ డ్యూటీలో కలపరు. ఇంకొక సలహా: వడ్డన నేర్చినవాళ్లు వేలల్లో దొరుకుతారు. లాండ్రీ యంత్రాలు, ఏసీ, నీటి శుద్ధి తెలిసినవాడిని హోటల్ అంత తేలిగ్గా వదులుకోదు. ఏడాది ఆగి అలాంటి పని ఏదైనా నేర్చుకోమనండి.

ప్రశ్న: ఉమ్రాకు వెళ్తున్నాం. మదీనా నుంచి అల్-ఉలా చూసి రావచ్చా? మా అత్తగారు ఆ చోటికి వెళ్లకూడదంటున్నారు.
— గృహిణి, హైదరాబాద్

వెళ్లవచ్చమ్మా. ఉమ్రా వీసా మీద దేశంలో మిగతా ఊళ్లకూ తిరగవచ్చు. మదీనా నుంచి ఉత్తరంగా 300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, రోడ్డు బాగుంటుంది, కారులో నాలుగు గంటల లోపు ప్రయాణం.

మీ అత్తగారు చెప్పేది ఊరికే అన్న మాట కాదు. హెగ్రానే ఖురాన్‌లో అల్-హిజ్ర్ అన్నారు. సాలిహ్ ప్రవక్త మాట వినక నశించిన సమూద్ జాతి నివాసమని నమ్మకం. తబూక్ దండయాత్రలో ఆ దారిన వెళ్తూ, కన్నీళ్లతో తప్ప అక్కడ అడుగు పెట్టవద్దని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్లు హదీసు (ప్రవక్త మాటల సంప్రదాయం) ఉంది. చాలామంది సౌదీలు నిన్నమొన్నటిదాకా అటు తొంగిచూసేవారు కాదు. ఇప్పుడు హెగ్రాలోని పాత హిజాజ్ రైల్వే స్టేషన్ కట్టడాలను కలుపుకుని కూడా ఒక ఖరీదైన హోటల్ తెరిచారు. కాలం మారింది, పెద్దల మనసు మారనక్కర్లేదు.

అయితే హెగ్రా వేరు, అల్-ఉలా ఊరు వేరు. మధ్య 20 కిలోమీటర్ల దూరం ఉంది. ఊళ్లో 900 దాకా మట్టి ఇళ్లున్న పాత బస్తీ ఉంది, 1980ల దాకా మనుషులు కాపురమున్నారు. అందులో ‘తంతోరా’ అనే నీడ గడియారం ఉంది. దాని నీడ ఒక రాయిని తాకిన రోజున చలికాలపు సాగు మొదలుపెట్టేవారు. సాయంత్రం ఏనుగు తొండంలా వంగిన జబల్ అల్-ఫీల్ బండ దగ్గర కూర్చుంటే పొద్దు గుంకేటప్పుడు రాయి రంగు మారుతుంది. దానికి ఖరీదైన రిసార్టులో దిగనక్కర్లేదు. అత్తగారిని కూడా తీసుకెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే శాలువాలు మరవకండి, రాత్రి చలి గట్టిగా ఉంటుంది.

ప్రశ్న: అలాంటి హోటళ్లలో మన పప్పు, పచ్చడి దొరుకుతాయా?
— డిగ్రీ విద్యార్థి, కాకినాడ

అతిథుల బల్ల మీద దొరకవు. సిబ్బంది భోజనశాలలో దొరుకుతాయి, మనవాడు వంటగదిలో ఉంటే మరీ బాగా దొరుకుతాయి. ఆవకాయ సీసా పట్టుకెళ్లేవాళ్లు మూతకు టేపు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. మసాలా పొట్లాల్లో గసగసాలు ఒక్క గింజ కూడా ఉండకూడదు. సౌదీలో అవి మత్తు పదార్థాల కింద లెక్క. కూర కోసం తెచ్చామంటే విమానాశ్రయంలో వినరు, జైలుకు పంపుతారు. అమ్మ ఇంట్లో కొట్టిన గరం మసాలా అయినా, అందులో ఏమేమి వేసిందో అడిగి మరీ సర్దుకోండి.