అమ్మకు బైపోలార్, మేనమామకు స్కిజోఫ్రెనియా.. బావను చేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 25. మా అమ్మకు బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన కుంగుబాటు). మేనమామకు స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు). ఆయన కొడుకుతోనే నాకు పెళ్లి అనుకుంటున్నారు. అవి వేర్వేరు జబ్బులు, ఏం కాదంటున్నారు పెద్దలు. నాకూ, పుట్టబోయే పిల్లలకూ వస్తాయా? రక్తపరీక్షలో తెలుస్తుందా?
- ఒక సోదరి

జవాబు: పెళ్లి ఖాయం కాకముందే అడిగి మంచి పని చేశారమ్మా. పేర్లు వేరైనా ఈ రెండు జబ్బుల వేళ్లు చాలావరకు కలిసే ఉంటాయి. స్వీడన్‌లో 20 లక్షలకు పైగా కుటుంబాలను పరిశీలించిన అధ్యయనం 2009లో వచ్చింది. స్కిజోఫ్రెనియా ఉన్నవారి తోబుట్టువుల్లో బైపోలార్ కూడా ఎక్కువగానే కనిపించింది. మీ అమ్మ, మేనమామ అక్కాతమ్ముళ్లో, అన్నాచెల్లెళ్లో కదా! 2013లో డిప్రెషన్, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడం)లను కూడా చేర్చి చూస్తే, మెదడు కణాల్లోకి కాల్షియం వెళ్లే దారులకు సంబంధించిన జన్యువులు ఈ ఐదింటితోనూ ముడిపడి ఉన్నాయని తేలింది.

అలాగని ఏదో ఒక్క జన్యువు తెచ్చిపెట్టే జబ్బులు కావివి. జన్యువుల్లో వందలాది చిన్న తేడాలు పోగవ్వాలి, బయటి కారణాలు తోడవ్వాలి. అందుకే వస్తుందో రాదో తేల్చే రక్తపరీక్ష లేదు. ఉందని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే డబ్బు పోగొట్టుకోకండి. స్కిజోఫ్రెనియా మామూలుగా నూటికి ఒకరికి వస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నప్పుడు పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి రావచ్చు. బైపోలార్‌కూ ఇంచుమించు ఇదే లెక్క. మిగతా 90 మందిలో మీరూ ఉండే అవకాశమే ఎక్కువ.

నాకు దిగులల్లా మేనరికం గురించే. మీ బావ నిక్షేపంగా ఉన్నా, తండ్రి నుంచి ఆ తేడాల్లో కొన్ని ఆయనకు వచ్చి ఉండవచ్చు. మీకు అమ్మ నుంచి. పిల్లలకు రెండు వైపులా చేరతాయి. బయటి సంబంధమైతే మేలని నా అభిప్రాయం. మీ ఇద్దరి మనసూ కలిసి ఉంటే మాత్రం, ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కు (వంశంలోని జబ్బులు పిల్లలకు వచ్చే అవకాశం గురించి నిపుణులు ఇచ్చే సలహా) వెళ్లండి.

ఎవరిని చేసుకున్నా, గర్భం వచ్చాక అమ్మ జబ్బు సంగతి గైనకాలజిస్టుకు దాచకండి. బైపోలార్ ఉన్న ఇళ్లలోని ఆడపిల్లలకు కాన్పయిన మొదటి రెండు వారాలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, అర్థంలేని అనుమానాలు, ఆగకుండా మాట్లాడటం కనిపిస్తే ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో వాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇంకో మాట. పెళ్లి హడావిడిలో, చుట్టాల ముందు మాత్రలు మింగితే బాగోదని అమ్మకు మందులు ఆపేస్తుంటారు. నిద్రలేని ఆ నాలుగు రోజులే జబ్బు తిరగబెట్టడానికి చాలు. అమ్మ మాత్రల డబ్బా ఆ రోజుల్లో మీ బ్యాగులోనే పెట్టుకోండి.