ప్రొఫెసర్ డిగ్రీలు కాదు, ఆయన్ను పట్టుకున్న ప్రశ్న చూడండి

ఫిలాసఫీ ఎంఏలో చేరే ముందు ప్రొఫెసర్లు ఎక్కడ చదివారు, పీహెచ్‌డీ దేనిమీద చేశారు అన్నవి చూడాలా అని అడిగారు. దేనిమీద అన్నది తప్పకుండా చూడండి. ఎక్కడ అన్నది వదిలేయండి.

మా సార్ బీఎస్సీ ఫిజిక్స్ చదివి, తర్వాత ఇటు వచ్చి న్యాయదర్శనంలో, అంటే తర్కాన్ని పట్టి చూసే భారతీయ దర్శనంలో, పీహెచ్‌డీ చేశారు. ఒకరోజు అనుమాన ప్రమాణం, అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చుకునే పద్ధతి, చెబుతూ, "పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా?" అన్నారు. తొమ్మిది మందిమీ ఉంటుందన్నాం. "పదండి" అని గేటు బయట వేపచెట్టు కింద ఇస్త్రీ బండి దగ్గరికి తీసుకెళ్లారు. ఇస్త్రీపెట్టె తెరిపించారు. లోపల బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి, పొగ జాడే లేదు. పక్కన టీ కొట్టు పొయ్యిలోనేమో కళ్లు మండిపోయేంత పొగ. "ఇక్కడెందుకుంది, అక్కడెందుకు లేదు?" మేం దిక్కులు చూస్తుంటే టీ కొట్టు ఆవిడే చెప్పింది, "కట్టెలు తడిసినయ్ సార్" అని.

ఆ తడినే నైయాయికులు, అంటే న్యాయదర్శనం పండితులు, ఉపాధి అన్నారట. ఉద్యోగం కాదు, నిప్పు ఉన్నచోట పొగ రావాలంటే తోడుండాల్సిన అదనపు షరతు. తర్కసంగ్రహం అనే న్యాయదర్శన పుస్తకంలో అన్నంభట్టు చూపిన ఉదాహరణ కూడా తడి కట్టెదే. ఆయన 17వ శతాబ్దపు తెలుగువాడని నాకు ఆ పొయ్యి దగ్గరే తెలిసింది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను, ఒక్క పాఠంలోనూ ఆ పేరు లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. పైగా ఫిలాసఫీ అనగానే మనవాళ్లు "వేదాంతం చదివి సన్యాసుల్లో కలుస్తావా" అంటారు. పొగకీ నిప్పుకీ సంబంధం తేల్చడంలో సన్యాసం ఎక్కడుంది?

తర్వాతి వారం అదే సార్, అన్ని పొగలనూ నిప్పులనూ చూడకుండా వ్యాప్తి, అంటే ఇది ఉన్నచోటల్లా అది ఉంటుందన్న నియమం, ఎలా తెలుస్తుందన్న చార్వాకుల (కళ్లకు కనిపించిందే నమ్మేవాళ్ల) ఆక్షేపణ చెప్పి, అక్కణ్నుంచి ఇలాంటి సందేహమే లేవనెత్తిన స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్‌కి తీసుకెళ్లారు. విదేశీ డిగ్రీ ఉన్న ఇంకొకాయన రెండేళ్లూ నోట్సు చదివి రాయించారు. ఆయన చెప్పింది నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌నే చూడండి. బంధువు ఒకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేస్తే ఆ సబ్జెక్టు తీసుకున్నారు. అయితే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో, వేదాంతంలో నీతికి చోటులేదన్న విమర్శ ఆయన్ను గుచ్చుకుంది. 1908లో ఎంఏ థీసిస్ దానికి జవాబుగానే రాశారు. 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే విద్యార్థులు గుర్రాలు విప్పేసి బండిని స్టేషన్ దాకా తామే లాగారు. డిగ్రీలు చూసి ఎవరూ బండి లాగరు.

ఫీజు కట్టేలోపు ఒక పూట వెళ్లి, ఆ ప్రొఫెసర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటానని అడగండి. "ఈ థీసిస్ ఎందుకు రాశారు సార్?" అని కూడా అడగండి. అరగంట ఆగకుండా చెబితే అక్కడే చేరిపోండి.