ఐదు రోజుల్లో ఐదు ఆటలు

ప్ర: అమెరికాలో చదివే మా మనవడి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు సీజనంతా ఓడుతూనే ఉంది. 'కాన్ఫరెన్స్ టోర్నీ గెలిస్తే చాలు తాతయ్యా' అంటున్నాడు. అదెలా?

జ: మీ మనవడు చెప్పింది నిజమేనండీ. కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీల కూటమి. దాని టోర్నీ గెలిచిన జట్టుకు, సీజన్‌లో ఎన్ని ఓడినా, జాతీయ పోటీలో చోటు ఖాయం. 2024లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ జట్టునే చూడండి. 17 గెలుపులు, 14 ఓటములతో వాషింగ్టన్‌లో తన కాన్ఫరెన్స్ అయిన ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) టోర్నీకి దిగింది. ఐదు రోజుల్లో ఐదు ఆటలూ గెలిచింది! సెమీస్‌లో వర్జీనియా మీద మూడు పాయింట్లు వెనకబడి, ఇక అయిపోయిందనుకున్నాం. చివరి క్షణంలో ఆ జట్టు ఆటగాడు మైకేల్ ఓకానెల్ దూరం నుంచి విసిరిన మూడు పాయింట్ల బంతి బోర్డుకు తగిలి, రింగు మీద తచ్చాడి, లోపల పడింది. స్కోరు సమమైంది. నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఓవర్‌టైమ్‌లో, అంటే అదనపు సమయంలో, గెలిచారు. తర్వాత జాతీయ పోటీలో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్లు) దాకా వెళ్లారు. అబ్బాయిని ఆశ వదులుకోవద్దనండి.